మాడిసన్ గులకలో పుట్టిన చేప

ఎండాకాలంలో అమెరికా వెళ్లిన మనవాళ్లలో చాలామంది యెల్లోస్టోన్ పార్కు చూసే వస్తారు. వేడినీటి బుగ్గలు చూసి పడమటి గేటు వైపు వస్తుంటే, రోడ్డు పక్కనే కొన్ని మైళ్లపాటు ఒక నది తోడు నడుస్తుంది. దాని పేరు మాడిసన్. ఫైర్‌హోల్, గిబ్బన్ అనే రెండు ఏర్లు కలిసినచోట పుట్టి, పార్కు దాటాక మోంటానా రాష్ట్రంలో ఉత్తరానికి పారుతుంది. త్రీ ఫోర్క్స్ ఊరి దగ్గర మరో రెండు నదులతో కలిసి మిస్సోరీ అవుతుంది.

నేను దాన్ని నింపాదిగా చూసింది ఎన్నిస్ ఊరికి ఎగువన, వార్నీ వంతెన మీంచి. మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఒక పెద్దాయన గాలం విసురుతున్నాడు. దారానికి చివర ఉన్నది ఈకలతో, నూలుతో కట్టిన బొమ్మ పురుగు. వంతెన పక్కన ఆపిన ఆయన కారు నంబరు ప్లేటు వేరే రాష్ట్రానిది. ఒడ్డున మాత్రం ముళ్లకంచె, దాని వెనక ఎవరిదో పశువుల మేత భూమి. ఎవరినడిగి దిగారని అడిగితే, "లైసెన్సు ఉంది, ఇంకెవరినీ అడగక్కర్లేదు" అన్నాడు. ఆ మాట ఎంత నిజమో తర్వాత చదివితే తెలిసింది. చదివేకొద్దీ, ఆయన కాళ్ల కింద గులకలో దాగిన సంగతి ఆయన హక్కు కంటే ఎక్కువ ఆశ్చర్యపరిచింది.

ముందు హక్కు సంగతి. రాష్ట్రంలోని నీళ్లన్నీ ప్రజల ఉపయోగం కోసం రాష్ట్రానివని మోంటానా 1972లో రాజ్యాంగంలో రాసుకుంది. అయినా నది అడుగు నా పట్టాలో ఉంది కాబట్టి ఎవరూ దిగకూడదని భూస్వాములు అనేవారు. డియర్‌బార్న్, బీవర్‌హెడ్ నదుల మీద వచ్చిన రెండు తగాదాలను ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1984లో తేల్చింది. అడుగు ఎవరిదైనా కావచ్చు, జనం విహారానికి పనికొచ్చే నీరైతే జనం వాడుకోవచ్చు. మరుసటి ఏడాది, 1985లో, దీన్ని చట్టంగా రాశారు. ఒకరి పొలం తొక్కుకుంటూ నదికి పోవడానికి మాత్రం వీల్లేదు. వంతెన దగ్గరో, సర్కారు రేవు దగ్గరో దిగాలి. దిగాక నది వెంట ఎంతదూరమైనా నడవచ్చు. పక్క రాష్ట్రం వయోమింగ్‌లో పరిస్థితి వేరు. అక్కడ పడవలో తేలుతూ పోవచ్చు గానీ, నది అడుగు ప్రైవేటుదైతే దాని మీద కాలు మోపితే అక్రమ ప్రవేశమే. ఒకే కొండల్లో కురిసిన మంచు కరిగి రెండు రాష్ట్రాల్లోకి పారుతుంది, సరిహద్దు దాటితే మనిషి పాదానికి విలువ మారిపోతుంది.

అయితే నది ఎక్కడిదాకా? మోంటానా చట్టం దీనికిచ్చిన జవాబు నాకు చాలా ఇష్టం. మామూలుగా నీరు ఎక్కే ఎత్తు వరకు నది. ఆ ఎత్తును నేల మీదే చదవాలి. నీరు చాలాకాలం నిలవడం వల్ల నేల మొక్కలు బతకలేక, సాగుకు పనికిరాకుండా పోయిన మేర నదికి చెందుతుంది. సర్వేయరు గొలుసు కంటే ముందు గడ్డి వేళ్లు సాక్ష్యం చెబుతాయన్నమాట. వరద వచ్చి ఒడ్డు కోస్తే గీత కూడా జరుగుతుంది. ఆ గీతకు లోపలున్నది ఎక్కువగా గులక. మనిషికి హక్కున్న నేల అదే, ట్రౌట్ అనే చేప పుట్టే నేలా అదే.

మాడిసన్‌లో ముఖ్యంగా దొరికేవి రెండు జాతులు, బ్రౌన్ ట్రౌట్, రెయిన్‌బో ట్రౌట్. నిజానికి రెండూ అక్కడివి కావు. బ్రౌన్ యూరప్ నుంచి, రెయిన్‌బో పసిఫిక్ తీరం నుంచి పందొమ్మిదో శతాబ్దపు చివర్లో తెచ్చి వదిలినవి. అసలు వారసుడు కట్‌త్రోట్ ట్రౌట్ ఇప్పుడు పై వాగుల్లో తలదాచుకుంటోంది. అందుకే అక్కడి జీవశాస్త్రవేత్తలు ఈ రెండింటినీ స్థానిక చేపలనరు, అడవి చేపలంటారు. అంటే మనిషి చేయి తగలకుండా నదిలోనే పుట్టి, నదిలోనే పెరిగేవి.

ఇవి పుట్టే పద్ధతి చూడండి. అక్టోబరు, నవంబరుల్లో ఆడ బ్రౌన్ ట్రౌట్ పక్కకు తిరిగి తోకతో గులకను కొట్టి గుంట చేస్తుంది. అందులో గుడ్లు పెట్టగానే మగచేప ఫలదీకరిస్తుంది. తర్వాత కొంచెం ఎగువన మళ్లీ తవ్వి, లేచిన గులకతో గుడ్లను కప్పేస్తుంది. చలికాలమంతా గుడ్లు ఆ గులకలోనే ఉంటాయి. రాళ్ల సందుల్లోంచి దూరి పారే చల్లని నీరు వాటికి ఆక్సిజన్ తెచ్చిస్తుంది. బురద పేరుకుని సందులు మూసుకుపోతే ఊపిరాడక చస్తాయి. గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చినా వెంటనే పైకి రావు. పొట్ట కింద పచ్చసొన సంచి అయిపోయేదాకా రాళ్ల కిందే ఉండి, వసంతంలో పైకి లేస్తాయి.

మన చెరువుల అనుభవం దీనికి పూర్తిగా భిన్నం. బొచ్చె, శీలావతి, మోసు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు, వాటికి వరద పారుదల కావాలి. కాబట్టి చెరువులో చేపపిల్లల్ని ఏటా వదలాల్సిందే, వదిలినంతే పెరుగుతాయి. నదికి కూడా ఇదే లెక్క అని మోంటానా వాళ్లు కూడా దశాబ్దాలపాటు అనుకున్నారు. సిమెంటు తొట్లలో పెంచిన రెయిన్‌బోలను లారీల్లో తెచ్చి వంతెనల దగ్గర గుమ్మరించేవారు.

1960ల చివర్లో డిక్ విన్సెంట్ అనే ప్రభుత్వ జీవశాస్త్రవేత్త దీన్ని సరిగ్గా పరీక్షించాడు. వార్నీ దగ్గర ఏళ్ల తరబడి చేపలు వదులుతున్నచోట వదలడం ఆపించాడు. ఎప్పుడూ వదలని ఓడెల్ అనే వాగులో వదలడం మొదలుపెట్టించాడు. నదిలో చేపల్ని లెక్కపెట్టడమెలా అన్నది సహజమైన సందేహం. పడవ నుంచి నీళ్లలోకి సన్నగా కరెంటు పంపిస్తే చేపలు ధనధ్రువం వైపు ఈదుకొచ్చి, మత్తుగా తేలతాయి. వలబుట్టతో ఎత్తి, రెక్క కొస కొంచెం కత్తిరించి వదిలేస్తారు. కొన్నాళ్లకు మళ్లీ పడతారు. ఉదాహరణకు మొదట 500 చేపలకు గుర్తు పెట్టారనుకోండి. రెండోసారి 400 దొరికితే అందులో గుర్తున్నవి 50. అంటే దొరికిన ప్రతి ఎనిమిదింటిలో ఒకటి గుర్తున్నది. కాబట్టి అక్కడి మొత్తం చేపలు సుమారు 4,000.

ఫలితం తలకిందులుగా వచ్చింది. వదలడం ఆపిన వార్నీలో పెద్ద బ్రౌన్ ట్రౌట్ సంఖ్య రెట్టింపు దాటింది. కొత్తగా వదిలిన ఓడెల్‌లో అడవి బ్రౌన్ ట్రౌట్ దాదాపు సగానికి పడిపోయింది. ప్రవాహంలో ట్రౌట్‌కు ఒక్కొక్క దానికీ చోటుంటుంది. రాయి వెనక తక్కువ శ్రమతో నిలబడుతూ, ఎదురుగా కొట్టుకొచ్చే పురుగును అందుకునే చోటు అది. కిక్కిరిసిన తొట్టిలో పెరిగిన చేపల గుంపు ఒక్కసారిగా వచ్చిపడితే ఈ అమరిక చెదిరిపోతుంది. అందరూ ఒకరినొకరు తరుముకుంటూ బలం ఖర్చు చేసుకుంటారు. వచ్చిన చేపలకు నదిలో బతకడం చేతకాదు, అవి కూడా మిగలవు. 1974లో మోంటానా తన నదుల్లో ట్రౌట్ వదలడం మానేసింది. చేపలు వదలకపోతే గిరాకీ పోతుందన్న భయం గట్టిగా ఉన్న రోజుల్లో, లెక్కను నమ్మి తీసుకున్న నిర్ణయమిది. ఆ ధైర్యాన్ని మెచ్చుకోకుండా ఉండలేను.

1994 డిసెంబరులో మరో దెబ్బ బయటపడింది. ఎగువ మాడిసన్‌లో రెయిన్‌బోలు కొన్నేళ్లలోనే నూటికి తొంభై దాకా తగ్గిపోయాయి. కారణం యూరప్ నుంచి వచ్చిన ఒక సూక్ష్మ పరాన్నజీవి. దాని జీవితంలో సగం ట్యూబిఫెక్స్ అనే బురద ఎర్రలో గడుస్తుంది. అక్వేరియం చేపలకు మేతగా అమ్మే ఎర్రలు ఆ జాతివే. ఎర్రలోంచి విడుదలైన రూపం నీళ్లలో తేలుతూ చేపపిల్లను తాకి, దాని మృదులాస్థిని తింటుంది. వెన్ను, పుర్రె వంకరపోయి, తోక నల్లబడి, పిల్ల తన తోకను తానే తరుముతున్నట్టు గిరగిరా తిరుగుతుంది. అందుకే దాన్ని సుడి రోగమంటారు. ఈ పరాన్నజీవితో తరతరాలుగా కలిసి బతికిన యూరప్ జాతి కాబట్టి బ్రౌన్ ట్రౌట్ చాలావరకు తట్టుకుంది. రెయిన్‌బోకు ఆ పాత పరిచయం లేదు. తర్వాతి ఏళ్లలో రెయిన్‌బోలు కొంత కోలుకున్నాయి. అదీ నది తనంతట తాను చేసుకున్న పనే.

ఇక ఎండ. చల్లటి నీరు ఆక్సిజన్‌ను ఎక్కువ పట్టుకుంటుంది. సముద్రమట్టం దగ్గర 10 డిగ్రీల సెల్సియస్ నీటిలో లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాములు కరిగితే, 25 డిగ్రీల దగ్గర 8 మాత్రమే. మాడిసన్ లాంటి ఎత్తయిన చోట ఇంకా తక్కువ. నీరు వేడెక్కితే చేపకు అవసరం పెరుగుతుంది, అందేది తగ్గుతుంది. అప్పుడు గాలానికి చిక్కి పెనుగులాడిన ట్రౌట్‌ను ఎంత జాగ్రత్తగా వదిలినా, కాసేపటికి చచ్చిపోవచ్చు. అందుకే నీరు వరుసగా మూడు రోజులు 23 డిగ్రీలకు చేరితే మధ్యాహ్నం రెండు నుంచి అర్ధరాత్రి దాకా వేట ఆపేస్తారు. దీన్ని వాళ్లు గుడ్లగూబ ఆంక్ష అంటారు. అడవి ఎండిన వేసవిలో కలప కొట్టేవాళ్లు గుడ్లగూబలు కూసే వేళకే పని మొదలుపెట్టి, ఎండ ముదరక ముందే ముగించేవారు, ఆ పేరు అలా వచ్చింది.

పాదాల సంగతికి వస్తాను. మోంటానా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ట్రౌట్ గుడ్లను గులకలో పాతి, గాలం వేసేవాళ్లలా మీద నడిచి చూశారు. 1992లో అచ్చయిన ఆ ఫలితాలు చదివి నేను కాసేపు ఆగిపోయాను. గుడ్లు గులకలో ఉన్నన్నాళ్లూ రోజుకు రెండుసార్లు తొక్కితే నూటికి 83కు పైగా చనిపోయాయి. గుడ్లు పగిలి పిల్లలు వచ్చే ముందు ఒక్కసారి తొక్కినా నూటికి 43 దాకా పోయాయి. చట్టం ఇచ్చిన హక్కును ఎవరూ ఉల్లంఘించకుండానే, కేవలం నడిచి, ఒక తరం చేపల్ని తుడిచేయవచ్చన్నమాట. చూడడం తెలిస్తే గుడ్ల గుంటను తప్పించుకోవచ్చు. చుట్టూ ఉన్న గులక నాచుపట్టి ముదురు రంగులో ఉంటే, కొత్తగా తవ్విన గుంట కడిగిన గిన్నెలా తెల్లగా మెరుస్తుంది. శరత్కాలంలో వెళ్లేవాళ్లకు ఈ ఒక్క ముక్క లైసెన్సుతో పాటు నేర్పించాలని నా కోరిక.

2021 నవంబరు 30న ఎగువనున్న హెబ్గెన్ డ్యాము గేటులో ఒక భాగం విరిగింది. నదిలోకి వదిలే నీరు 650 క్యూసెక్కుల దగ్గర్నుంచి ఒక్కసారిగా 250 దాకా పడిపోయింది. పక్క పాయలు ఎండడం మొదలై, చేపలు మడుగుల్లో చిక్కాయి. బ్రౌన్ ట్రౌట్ గుడ్లు పెట్టి అప్పటికి కొద్ది వారాలే. వార్త తెలియగానే చుట్టుపక్కల జనం బకెట్లు పట్టుకుని, గడ్డకట్టే చలిలో నదిలోకి దిగారు. గేటు బాగై నీరొచ్చేదాకా, రెండు రోజులు, చిక్కిన చేపల్ని ఏరి ప్రధాన ప్రవాహంలో వదిలారు. అంతమంది అక్కడ కాలుపెట్టగలిగారంటే, నది వాళ్లకు ఏళ్లుగా తెరిచి ఉండడం వల్లే. కంచె అవతలి నుంచి చూసినవాళ్లకు ఏ పాయ ముందు ఎండుతుందో, చేప ఏ రాయి కింద దూరుతుందో ఎలా తెలుస్తుంది?

గుడ్లను బకెట్లో ఎత్తలేరు. నీరు తగ్గాక తేలిన గులక కింద, తేమ మిగిలి గడ్డకట్టకుండా ఉన్నంతకాలం, గుడ్డు పైనున్న సన్నని తడి పొర ద్వారానే ఆక్సిజన్ తీసుకుంటూ బతకగలదు. ఆ రెండు రాత్రులూ ఏ గుంట ఎంత చల్లబడిందన్నది ఆ రాళ్ల కింది సంగతి. పైన బకెట్లతో తిరిగినవాళ్లు తెల్లగా మెరిసే గుంటల్ని తొక్కకుండా, వాటి పక్క నుంచి నడవడమే చేయగలిగిన సాయం.