తెర మీద మోషే: కొన్ని అపోహలు, వాస్తవాలు

పోయిన క్రిస్మస్ సెలవుల్లో మా పెద్దమ్మ వాళ్ల సంఘంలో పిల్లలకు బైబిల్ క్విజ్ పెట్టారు. ప్రశ్నల కాగితం ఫొటో తీసి, తప్పులుంటే దిద్దిపెట్టమని నాకు వాట్సాప్ చేసింది. పదకొండో ప్రశ్న ఇది: "మోషేను ప్రేమించిన ఐగుప్తు రాకుమారి పేరేమి?" జవాబు: నెఫ్రెతీరి.

ఫోన్ చేసి, "ఇది బైబిల్లో లేదు పెద్దమ్మా, సినిమాలో ఉంది" అన్నాను.

"నిర్గమకాండంలో ఉంటుందిరా, సరిగ్గా చూడు" అంది. నలభై ఏళ్లుగా రోజూ పొద్దున్నే వాక్యం చదివే మనిషి ఆవిడ. ఫోన్ పెట్టకుండానే బైబిల్ తెచ్చుకుని మొదటి రెండు అధ్యాయాలూ చదివింది. పేజీ తిప్పిన చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. చివరికి, "మరి ఆ అమ్మాయి నాకెలా గుర్తుందిరా?" అంది.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. పదిహేనేళ్లుగా డబ్బింగ్ మాటలు రాస్తున్నాను. అందులో బైబిల్ కథలే ఎక్కువ. యేసు మీద మన దగ్గరే 1978లో కరుణామయుడు వచ్చింది కానీ, మోషే మాత్రం తెలుగువాళ్లకు ఎక్కువగా డబ్బింగ్ గొంతులోనే తెలుసు. అంటే జనం గుర్తుపెట్టుకున్న మోషేలో మా చేతి పని కూడా ఉంది. అందుకే తరచూ వినే అపోహలు కొన్నిటి గురించి రాస్తున్నాను.

అపోహ: మోషే, ఐగుప్తు రాజైన ఫరో కొడుకు ఇద్దరూ అన్నదమ్ముల్లా పెరిగారని బైబిల్ చెబుతుంది.

వాస్తవం: నిర్గమకాండం రెండో అధ్యాయం పదో వచనంలో ఫరో కుమార్తె పిల్లవాడికి పేరు పెడుతుంది. పదకొండో వచనంలో అతను అప్పటికే పెద్దవాడు. ఈ రెండు వచనాల మధ్య అంతఃపురం లేదు, రథాల పందెం లేదు, ప్రేమ లేదు. అప్పటికి అతనికి నలభై ఏళ్లని మనకు చెప్పేది అపొస్తలుల కార్యములలో స్తెఫను ప్రసంగం. ఫరో పేరు కూడా గ్రంథంలో ఉండదు. రామెసేసు అనేది అక్కడ ఊరి పేరు.

1956 నాటి టెన్ కమాండ్‌మెంట్స్ నిడివి 3 గంటల 40 నిమిషాలు. అందులో సగానికి దగ్గరగా ఆ రెండు వచనాల మధ్య ఖాళీలోనే నడుస్తుంది. ఆ ఖాళీని దేనితో నింపారో దర్శకుడు సిసిల్ బి. డెమిల్ దాచలేదు. ఫిలో, జోసీఫస్, యూసీబియస్ అనే ప్రాచీన రచయితలు, యూదుల మిద్రాష్ (గ్రంథానికి వాళ్ల పాత వ్యాఖ్యానాలు) అని టైటిల్స్‌లోనే వేశాడు. మనం టైటిల్స్ పడేటప్పుడు చదవం, అంతే. ఆ సినిమాలో మోషేను పెంచిన స్త్రీ రాజు చెల్లెలు. 1998లో వచ్చిన యానిమేషన్ ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్‌లో ఆమె ఏకంగా రాణి. గ్రంథంలో ఫరో కుమార్తె. ఒక్క పాత్ర మూడు చోట్ల మూడు వరసలు కలిపిందంటే, ఎవరి కథకు కావలసింది వాళ్లు రాసుకున్నారని అర్థం.

దీన్ని నేను తప్పు అనను. రెండు వచనాలతో సినిమా తీయలేరు. కానీ నింపినది ఏదో, ఉన్నది ఏదో చూసేవాళ్లకు తెలియాలి.

అపోహ: ఫరో ముందు నిలబడ్డది నడివయసు యోధుడు.

వాస్తవం: మోషేకు 80, అతని అన్న అహరోనుకు 83. నిర్గమకాండం 7:7లో స్పష్టంగా ఉంది. 1956 సినిమాలో మోషేగా వేసిన చార్ల్‌టన్ హెస్టన్‌కు ఐగుప్తులో షూటింగ్ మొదలయ్యేనాటికి 31.

అపోహ: ఇశ్రాయేలీయులు పిరమిడ్లు కట్టారు.

వాస్తవం: వాళ్లు చేసింది ఇటుకలు, కట్టింది పీతోము, రామెసేసు అనే ధాన్యాల కొట్ల పట్టణాలు. గీజాలోని మహా పిరమిడ్లు రాతివి. చాలా సినిమాలు ఫరోగా చూపించే రెండో రామెసేసు కాలానికే అవి 1200 ఏళ్లకు పైగా పాతవి. 2014లో రిడ్లీ స్కాట్ తీసిన ఎక్సోడస్‌ను ఈజిప్టులో నిషేధించినప్పుడు అక్కడి అధికారులు చెప్పిన అభ్యంతరాల్లో ఈ పిరమిడ్ల సంగతి కూడా ఉంది. మన సండే స్కూల్ పటాల్లో ఇప్పటికీ వెనకాల మూడు పిరమిడ్లు ఉంటాయి.

అపోహ: డబ్బింగ్ అంటే ఇంగ్లిష్ డైలాగ్ తీసేసి బైబిల్ వచనం పెట్టడమే.

వాస్తవం: ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి, మా పనంతా ఇందులోనే ఉంది కాబట్టి.

"లెట్ మై పీపుల్ గో" అన్న మాట తీసుకోండి. పలికేటప్పుడు పెదాలు మూడుసార్లు మూసుకుంటాయి: మ, ప, ప. చివర్లో నోరు గుండ్రంగా తెరుచుకుంటుంది. తెలుగు బైబిల్లో మాట "నా జనమును పోనిమ్ము". ఇందులోనూ పెదాలు మూడుసార్లే మూసుకుంటాయి: మ, ప, మ్మ. మొదటిసారి ఈ లెక్క చూసుకున్నప్పుడు ఒళ్లు జలదరించింది. కానీ మూడో మూత మాటకు చివర్లో పడుతుంది. అక్కడ నటుడి నోరు తెరిచి ఉంది. క్లోజప్‌లో ఇది పట్టుబడిపోతుంది. "పోనిమ్ము"ను అర సెకను జరిపి, షాట్ ఫరో ముఖం మీదికి కట్ అయ్యాక పడేలా చేస్తేనే కుదిరింది.

లిప్ కంటే పెద్ద చిక్కు సంబోధన. ఇంగ్లిష్‌లో అందరికీ ఒకటే మాట. తెలుగులో మోషే ఫరోను "నువ్వు" అనాలా, "మీరు" అనాలా? పాత తెలుగు బైబిల్లో అందరూ అందరినీ ఏకవచనంలోనే పిలుస్తారు, రాజునైనా, దేవుణ్నైనా. చదివేటప్పుడు అది గంభీరంగా ఉంటుంది. తెర మీద ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడినప్పుడు మాత్రం తెలుగు చెవి వేరుగా వింటుంది. ఇద్దరూ కలిసి పెరిగారని చూపించే సినిమాలో "నువ్వు" అంటే చనువు. మిద్యాను నుంచి వచ్చిన గొర్రెల కాపరిగా చూపించే కథలో అదే "నువ్వు" తలపొగరు అవుతుంది.

ఒక సీరియల్‌కు రాస్తున్నప్పుడు దీని మీద రెండు రోజులు నలిగాను. చివరికి ఇలా విడదీశాను: మోషే తన సొంత మాట మాట్లాడుతున్నంతసేపూ "ప్రభూ, మీరు". "యెహోవా సెలవిస్తున్నాడు" అన్న క్షణం నుంచి "నీవు". అప్పుడు మాట మోషేది కాదు, పంపినవాడిది. ఆ ఒక్క మార్పుతో దర్బారు సీన్‌కు వెన్నెముక వచ్చింది. ఇంగ్లిష్‌లో దీనికి వీలే లేదు. మన భాషే ఆ పని చేసిపెట్టింది.

ఇంకో సంగతి. "నా జనమును పోనిమ్ము" అన్న ఆ ప్రసిద్ధమైన వాక్యం సగమే. "అరణ్యములో నాకు ఉత్సవము చేయుటకు" అన్న ముక్క గ్రంథంలో దానికి ముందే ఉంది. మోషే మొదట అడిగింది మూడు రోజుల ప్రయాణం, ఆరాధన. అందరూ గుర్తుపెట్టుకున్నది మాత్రం స్వాతంత్ర్య నినాదాన్ని. 1956 సినిమా మొదట్లో డెమిల్ స్వయంగా తెర ముందుకు వచ్చి, మనుషుల్ని ఏలాల్సింది దేవుడి చట్టమా, నియంత ఇష్టమా అని అడుగుతాడు. ప్రచ్ఛన్న యుద్ధం రోజుల అమెరికా అది. ఉత్సవం పక్కకు జరగడానికి ఆ కాలం కూడా ఒక కారణమని నా నమ్మకం.

అపోహ: మోషే గొప్ప వక్త.

వాస్తవం: నిర్గమకాండం 4:10. "నేను నోటి మాంద్యము నాలుక మాంద్యము గలవాడను." మండుతున్న పొద ముందు నిలబడి అతను దేవుడికి చెప్పుకున్న మాట ఇది. అందుకే దేవుడు అహరోనును నోరుగా ఇచ్చాడు. ఫరో ముందు కర్ర పడేసింది అహరోను, ఏటి నీళ్లను కొట్టిందీ అతనే. ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్ ఆ రెండు పనులూ మోషే చేతికే ఇచ్చేసింది. అహరోను నమ్మకం లేని మనిషిగా ఓ పక్కన మిగిలిపోయాడు.

యూదుల మిద్రాష్‌లో పసివాడైన మోషే నిప్పుకణిక నోట్లో పెట్టుకున్న కథ ఉంది. ఖురాన్‌లో మూసా తన నాలుక ముడి విప్పమని ప్రార్థిస్తాడు. మూడు మతాలూ జాగ్రత్తగా దాచుకున్న ఈ ఒక్క వివరాన్ని సినిమా మాత్రం పదేపదే పారేసుకుంది. హెస్టన్ గొంతు విన్నవాళ్లెవరికీ అతను మాటరాని మనిషి అనిపించదు. 1990ల మధ్యలో వచ్చిన టీవీ చిత్రంలో బెన్ కింగ్‌స్లీ తడబడుతూ మాట్లాడే మోషేను చేశాడు. నాకు అతనంటే చాలా ఇష్టం. అన్నిటికంటే ధైర్యం చేసింది స్వరకర్త షోన్‌బర్గ్ మోషే మీద రాసిన ఆపెరా. అందులో అహరోను కమ్మగా పాడతాడు, మోషే పాడలేడు, మాటకూ పాటకూ మధ్య ఏదో పలుకుతాడు. రెండో అంకం చివర్లో తనకు దొరకని మాటను తలుచుకుని కుప్పకూలిపోతాడు. 1975లో స్ట్రోబ్, హుయే అనే దర్శక దంపతులు దాన్ని ఆరుబయట రంగస్థలంలో సినిమాగా తీశారు. ఎక్కడైనా దొరికితే చూడండి, ఓపిక కావాలి.

నా అనుభవం ఒకటి చెప్పాలి. ఇందాక చెప్పిన సీరియల్‌లోనే పొద సీన్. మోషేకు గొంతు ఇస్తున్నది పౌరాణికాల్లో పేరున్న పెద్దాయన. "నేను మాటకారిని కాను" అన్న వాక్యాన్ని పద్యం ఎత్తుకున్నట్టు ఎత్తారు. మైకు ముందు కాగితం కూడా కదిలింది. "గురువు గారూ, ఈయనకు మాట రాదండీ" అన్నాను మెల్లగా. కన్సోల్ దగ్గర అందరూ టెన్షన్ పడ్డారు.

ఆయన కోప్పడలేదు. హెడ్‌ఫోన్ తీసి, నీళ్లు తాగి, "మా తమ్ముడికి నత్తి ఉండేది బాబూ" అన్నారు. "సినిమాల్లో చూపించినట్టు అక్షరం పదిసార్లు అనడం ఒక్కటే కాదది. అక్షరం దగ్గరికి వచ్చి ఆగిపోతాడు. ఊపిరి బిగుస్తుంది, మెడ దగ్గర నరం లేస్తుంది. ఆ మాట వదిలేసి, పలకగలిగే వేరే మాట వెతుక్కుంటాడు. వాడికి నా పేరు పలకడం రాక జీవితమంతా 'ఒరే అన్నా' అనే పిలిచాడు."

ఆ సీన్‌లో నటుడు కెమెరాకు వీపు పెట్టి నిలబడ్డాడు, ముందు మంట. లిప్ గొడవ లేదు. అక్కడే కూర్చుని డైలాగ్ మళ్లీ రాశాను. మోషే "ఫ..." అని మొదలుపెట్టి ఆగుతాడు. ఊపిరి. "ఆ... రాజు దగ్గరికి వెళ్లడానికి నేనెంతటివాణ్ని?" ఫరో అన్న మాటే ఎత్తలేకపోతున్న మనిషి. పెద్దాయన రెండో టేక్‌లో చెప్పేశారు. చెప్పాక చాలాసేపు బూత్‌లోంచి బయటికి రాలేదు.

ఆ ముక్క ప్రసారం కాలేదు. హీరో తడబడితే జనం ఛానల్ మార్చేస్తారని నిర్మాణ సంస్థ వాళ్లు గట్టిగా పట్టుబట్టి, వేరే గొంతుతో శుభ్రంగా చెప్పించారు. నాకు ఇప్పటికీ బాధే. నత్తి ఉన్న ఒక పిల్లవాడు ఆ రాత్రి టీవీ ముందు కూర్చుని ఉంటే, దేవుడు ఏరికోరి పిలిచినవాడు తనలాంటివాడేనని వినేవాడు.

అపోహ: దేవుడి స్వరం అంటే ఉరుములా ఉండాలి.

వాస్తవం: ఉరుములు సీనాయి కొండ మీద ఉన్నాయి, పొద దగ్గర లేవు. హోరేబు అని కూడా పిలిచే అదే కొండ మీద ఏలీయా ప్రవక్తకు వినపడింది "మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము". 1956లో పొదలోంచి వచ్చే గొంతు హెస్టన్‌దే, వేగం తగ్గించి వాడారు. 1998లో వాల్ కిల్మర్ మోషేకూ దేవుడికీ గొంతు ఇచ్చాడు. రిడ్లీ స్కాట్ ఒక చిన్న పిల్లవాణ్ని నిలబెట్టాడు, చాలామందికి నచ్చలేదు. నా ఓటు కిల్మర్ పద్ధతికి. తెలుగులో మాత్రం వేరే బేస్ గొంతు తెచ్చి, ఎకో పెంచి, మాట సగం అర్థం కాకుండా చేయడం అలవాటైంది. ఒకే కళాకారుడితో చెప్పించి చూడండి. ఖర్చు కూడా తగ్గుతుంది.

అపోహ: కర్ర ఎత్తగానే ఎర్ర సముద్రం చీలిపోయింది.

వాస్తవం: "ఆ రాత్రి అంతయు" బలమైన తూర్పుగాలి వీచింది. నీళ్లు గోడలా నిలబడ్డ మాట గ్రంథంలోనే ఉంది కాబట్టి సినిమాలు అది కల్పించలేదు. కత్తిరించింది రాత్రిని. 1923లో డెమిల్ మొదటిసారి మూకీగా తీసినప్పుడు జెలటిన్ ముద్దను మధ్యకు చీల్చి, కరిగిస్తూ తీసి, ఫిల్మ్ వెనక్కి తిప్పారు. 1956లో స్టూడియో ఆవరణలో పెద్ద తొట్టి కట్టి, అందులోకి నీళ్లు వదిలి, దాన్నీ వెనక్కి తిప్పారు. ఆ సినిమాకు వచ్చిన ఒకే ఒక్క ఆస్కార్ ఈ స్పెషల్ ఎఫెక్ట్స్‌కే. ఆ తెల్లవార్లూ ముందు సముద్రం, వెనక సైన్యం పెట్టుకుని గాలి చప్పుడు వింటూ నిలబడ్డ జనాన్ని మనసుపెట్టి చూపించిన సినిమా నేనింకా చూడలేదు. నాకైతే నీటి గోడల కంటే ఆ రాత్రే గొప్ప సీన్.

అపోహ: పది ఆజ్ఞల పలకలు తెచ్చాక కథ అయిపోయింది.

వాస్తవం: ఇంకా నలభై ఏళ్లుంది. సణుగుడు, తిరుగుబాట్లు, అక్క మిర్యాము చావు, మెరీబాలో బండను రెండుసార్లు కొట్టిన కోపం, అందుకు పడ్డ శిక్ష. ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్ పలకలతోనే ముగుస్తుంది. మిగతావాటిలోనూ చాలావరకు ఆ ఎడారిని తొందరగా దాటేస్తాయి. సీరియల్ వాళ్లకైతే అక్కడ వంద ఎపిసోడ్లకు సరిపడా సరుకుంది.

ద్వితీయోపదేశకాండం చివరి అధ్యాయంలో నెబో కొండ మీద 120 ఏళ్ల మోషే చనిపోయేనాటికి అతనికి "దృష్టి మాంద్యము" లేదని తెలుగు బైబిల్ చెబుతుంది. పొద దగ్గర తన నాలుక గురించి అతను వాడిన మాటే అది. పెద్దమ్మకు ఇది చూపించాను. పదకొండో ప్రశ్న కొట్టేసి, ఆ స్థానంలో "మోషే బదులు ఫరోతో మాట్లాడినది ఎవరు?" అని తన చేత్తో రాసింది.