పెద్దవాళ్ళ ఒంటి వాసన, తిండి: అపోహలు - వాస్తవాలు

డైటీషియన్‌గా ఈ ప్రశ్న నాకు తరచూ ఎదురవుతుంది. అడిగేది కూతురో కోడలో, అదీ గొంతు తగ్గించి: "మేడమ్, మా మామయ్యగారి గదిలో ఒకలాంటి వాసన. ఏం పెడితే తగ్గుతుంది?"

అపోహ: స్నానం సరిగ్గా చేయకపోవడం వల్లే ఆ వాసన.
వాస్తవం: పాపం, ఆయన రోజూ రెండు పూటలా చేస్తున్నా వస్తుంది. 2001లో జపాన్ పరిశోధకులు 40 దాటినవాళ్ళ ఒంటి మీద 2-నోనెనాల్ అనే పదార్థాన్ని గుర్తించారు. డబ్బా అడుగున మిగిలిన జంతికలు పాత నూనె కంపు కొట్టినట్టే, చర్మం మీది కొవ్వు గాలి తగిలి పాడైతే ఇది పుడుతుంది. ఉత్త నీళ్ళకి వదలదు. దిండు గలీబుకి, బనియను మెడకి పట్టుకుంటుంది.

అపోహ: ఉల్లి, వెల్లుల్లి మానేస్తే చాలు.
వాస్తవం: వెల్లుల్లి వాసన ఊపిరిలో, చెమటలో మర్నాటి దాకా ఉండొచ్చు. కానీ అది వెల్లుల్లిది, వయసుది కాదు. జీవితమంతా వెల్లుల్లికారంతో తిన్న మనిషికి చప్పిడికూడు పెడితే ముద్ద దిగదు, మనిషి చిక్కిపోతాడు.

అపోహ: మాంసం ఆపేయాలి.
వాస్తవం: 2006లో అచ్చయిన, చెక్ రిపబ్లిక్ దేశంలో చేసిన ఒక పరీక్షలో, రెండు వారాలు మాంసం మానిన మగవాళ్ళ చంక వాసన ఆడవాళ్ళకి కాస్త నయమనిపించింది. పాల్గొన్న మగవాళ్ళు 17 మందే. దానికోసం తాతగారి ఆదివారం వేటకూర ఆపను. అసలే ఆ వయసులో కండ కరుగుతుంది.

అపోహ: ఉసిరి, గ్రీన్ టీ లోపల్నుంచి కడిగేస్తాయి.
వాస్తవం: ఉసిరి, జామ, ఆకుకూరలు ఎలాగూ పెట్టండి, విరేచనం సాఫీగా అవుతుంది. వాసనకి మందు అని మాత్రం నేను చెప్పను.

అపోహ: నీళ్ళు తగ్గిస్తే చెమటా తగ్గుతుంది, వాసనా తగ్గుతుంది.
వాస్తవం: నేను ఎక్కువగా పోట్లాడేది దీని మీదే. పెద్దవాళ్ళకి దాహం సరిగ్గా తెలియదు. పైగా రాత్రి లేవాలన్న భయంతో మధ్యాహ్నం నుంచే గ్లాసు ముట్టరు. మూత్రం చిక్కబడుతుంది, పంచెకి రెండు చుక్కలంటినా గదంతా తెలుస్తుంది. నోరెండితే కట్టుడుపళ్ళు కంపు కొడతాయి. పైన చెప్పిన మామయ్యగారిదీ సగం ఇదే. పొద్దున రాగిజావ, పదకొండింటికి మజ్జిగ, సాయంత్రం ఐదు లోపు రోజూ తాగే నీళ్ళలో ఎక్కువ భాగం అయిపోయేలా చూడమన్నాను. గుండె, కిడ్నీ జబ్బులుంటే డాక్టరు చెప్పిన కొలతే.

అన్నట్టు, మెంతులు రోజూ తినేవాళ్ళ చెమట, మూత్రం తియ్యటి వాసన వేస్తాయి. అయితే షుగర్ ఉన్నవాళ్ళ ఊపిరిలో పండు వాసన వస్తే మెంతుల మీద నెట్టేయకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఊపిరి అమోనియా కంపు కొడితే కిడ్నీ పరీక్షలు చేయించండి.