ఒళ్లంతా రిసెప్టర్లున్నాయని విటమిన్ డి పోసేస్తారా?

ఈమధ్య నా ఓపీలో రిపోర్టు కన్నా ముందు ఫోను చూపించేవాళ్లు ఎక్కువయ్యారు. అందరి దగ్గరా ఇంచుమించు ఒకటే మెసేజు. విటమిన్ డి రిసెప్టర్లు (కణాల్లో డిని అందుకునే గ్రాహకాలు) పేగుల్లో, ఎముకల్లో, గుండెలో, క్లోమంలో, తెల్లకణాల్లో, ఆఖరికి కిడ్నీలో కూడా ఉన్నాయట. కాబట్టి డి బాగా పట్టిస్తే పాడైన కిడ్నీ తిరిగి కోలుకుంటుందట. మొదటి మాట నిజమే. దాని చాటున రెండో మాట దర్జాగా తిరుగుతోంది. విశాఖలో కిడ్నీ రోగుల్ని చూసే వైద్యుడిగా నాకు బాధ కలిగించేది, దీన్ని నమ్మి డబ్బుతో పాటు ఉన్న కాస్త కిడ్నీని కూడా పోగొట్టుకుంటున్నవాళ్లని చూడటం.

అపోహ: రిసెప్టర్లు ఉన్నాయి కాబట్టి ఎంత డి వేసుకుంటే అంత మంచిది.

మనం మింగే గుళికలో ఉన్నది రిసెప్టర్‌కి నేరుగా పనికిరాదు. ఎండ నుంచి వచ్చినా, గుళిక నుంచి వచ్చినా డి ముందు లివర్‌కి వెళ్లి 25-హైడ్రాక్సీ డి అవుతుంది. ల్యాబులో మనం కొలిపించుకునేది దీన్నే. అది కిడ్నీకి చేరి, అసలు పనిచేసే రూపమైన కాల్సిట్రియాల్‌గా మారాలి. రిసెప్టర్ గట్టిగా పట్టుకునేది ఆ కాల్సిట్రియాల్‌ని. వడ్లు ఎన్ని బస్తాలున్నా మిల్లు ఆడకపోతే అన్నం ఉడకదు కదా, ఇక్కడ ఆగిపోయింది మిల్లు. రక్తంలో తిరిగే కాల్సిట్రియాల్ దాదాపు అంతా కిడ్నీ చేసేదే. మాక్రోఫేజుల్లాంటి రోగనిరోధక కణాలు తమ అవసరానికి కొంత చేసుకుంటాయిగానీ, దాంతో ఒంటికంతా సరిపోదు.

పైగా, కిడ్నీ దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటినిన్ పెద్దగా పెరగకముందే ఎముకల నుంచి ఎఫ్‌జీఎఫ్ 23 అనే హార్మోను ఎక్కువగా వస్తుంది. ఫాస్ఫరస్‌ని మూత్రంలోకి నెట్టడం దాని పని. ఆ పనిలో పనిగా కిడ్నీలో కాల్సిట్రియాల్ తయారీని అణిచేస్తుంది. కాల్సిట్రియాల్ తగ్గితే పారాథైరాయిడ్ గ్రంథుల హార్మోను పీటీహెచ్ పెరిగి ఎముకల్లోంచి కాల్షియం లాగుతుంది. ఏళ్ల తరబడి ఇలా సాగితే ఆ గ్రంథులు ఉబ్బుతాయి, వాటిలో డి రిసెప్టర్లు తగ్గిపోతాయి. అప్పుడు కాల్సిట్రియాల్ ఇచ్చినా గ్రంథి సరిగా మాట వినదు. మెసేజు రాసినాయనకి ఈ సంగతి తెలిసినట్టు లేదు.

పరీక్షించి చూడలేదా అంటే, చూశారు. టైప్ 2 షుగరున్న 1,312 మందితో అయిదేళ్లు నడిచిన అధ్యయనం ఒకటి 2019లో వచ్చింది. రోజుకు 2,000 యూనిట్ల డి3 వేసుకున్నవాళ్ల కిడ్నీ పనితీరు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ల కన్నా మెరుగ్గా ఏమీ నిలవలేదు. గుండెలోనూ రిసెప్టర్లున్నాయి కదా అని కిడ్నీ రోగులు 227 మందికి కాల్సిట్రియాల్‌లాగే పనిచేసే పారికాల్సిటాల్ అనే మందు 48 వారాలు ఇచ్చి చూశారు. గుండె కండ మందం తగ్గలేదు, కాల్షియం మాత్రం ఎక్కువమందిలో పెరిగింది. అది 2012 నాటి మాట.

గాజువాక నుంచి ఒక పెద్దాయన వచ్చేవారు, కిడ్నీ జబ్బు మూడో స్టేజి, క్రియాటినిన్ 1.8 దగ్గర నిలకడగా ఉండేది. ఒకసారి కూతురు వీల్‌చెయిర్‌లో తీసుకొచ్చింది. వాంతులు, మలబద్ధకం, తీరని దాహం, మాటలో తడబాటు. మందులేవమ్మా అంటే సంచిలోంచి ఏడు గళ్ల ప్లాస్టిక్ డబ్బా తీసింది. సోమవారం నుంచి ఆదివారం దాకా ప్రతి గడిలోనూ 60,000 యూనిట్ల గుళిక, పక్కనే కాల్షియం మాత్ర. వారానికొకటి వేసుకోవలసింది రోజూ నడిచింది. కాల్షియం 13.4, క్రియాటినిన్ 4.6. సెలైన్ పెట్టాం, అన్నీ ఆపాం. డి కొవ్వులో దాక్కుంటుంది, ఆపిన మర్నాడే దిగిపోదు. కాల్షియం కుదుటపడటానికి వారాలు పట్టింది. క్రియాటినిన్ 2.4 దగ్గర ఆగింది, పాత అంకెకు రాలేదు. ఆ అమ్మాయిని ఏమని కోప్పడతాం? నాన్న కోసమే కదా చేసింది. కోపమంతా ఆ మెసేజు మీద, చీటీ అడక్కుండా స్ట్రిప్పులు ఇచ్చేసిన మందుల షాపు మీద.

అపోహ: ఎండలో తిరిగితే చాలు.

ఉద్దానం వైపు నుంచి వచ్చే జీడితోటల రైతు ఒకాయన నిలదీశాడు: “ఎండలోనే కదా బాబూ మా బతుకంతా, ఇంకా ఎండ ఇటమిను తక్కువేటి?” న్యాయమైన ప్రశ్నే. ఆయన 25-హైడ్రాక్సీ డి సరిపడా ఉంది. పీటీహెచ్ మాత్రం ఎక్కువ. తక్కువైంది ఎండ కాదు, కిడ్నీ చెయ్యాల్సిన ఆ చివరి మార్పు.

అపోహ: అయితే డి జోలికే పోకూడదు.

అదీ కాదు. మూత్రంలో ప్రొటీన్ పోయేవాళ్లలో డి కూడా కొంత దాంతో పాటే పోతుంది. పరీక్షలో నిజంగా తక్కువుంటే మేమే రాస్తాం, ఎన్నాళ్లో కూడా రాస్తాం. కాల్సిట్రియాల్ సంగతి వేరు. అది మైక్రోగ్రాముల్లో ఇచ్చే మందు, డయాలసిస్‌కి ఇంకా రానివాళ్లందరికీ అలవాటుగా రాసేది కాదు. రెండూ ‘విటమిన్ డీనే’ అనుకుని ఒక డాక్టరు రాసినదానికి ఇంకొకరిది కలిపి మింగకండి. వాడే ప్రతి స్ట్రిప్పూ, బలానికని వేసుకునేదైనా సరే, తెచ్చి చూపించండి. డి వాడుతుండగా వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం మొదలైతే అదే రోజు కాల్షియం చూపించుకోండి.

అపోహ: డయాలసిస్ మొదలైంది కాబట్టి ఈ మందులు అక్కర్లేదు.

మెషీను మలినాలు తీస్తుంది, కాల్సిట్రియాల్ తయారు చెయ్యదు. ఆ మందు పేగుల్లోంచి కాల్షియంతో పాటు ఫాస్ఫరస్‌ని కూడా లాగుతుంది. అందుకే ఫాస్ఫరస్ బాగా ఎక్కువున్నప్పుడు దాన్ని తగ్గించటమో ఆపటమో చేసి, ముందు ఫాస్ఫరస్‌ని దించుతాం. అందాకా ఫాస్ఫరస్ ఎక్కువుండే ఎండు నెత్తళ్లు పక్కన పెట్టండి. ఫాస్ఫరస్‌ని తగ్గించే మాత్ర అన్నంతో పాటే వేసుకోండి, తిన్న గంటకి కాదు.