డొనోస్తియా బాస్క్ పండగలు: అపోహలు - వాస్తవాలు

స్పెయిన్ ఉత్తరాన సముద్రం ఒడ్డున, బాస్క్ అనే జనం ఉండే ప్రాంతంలో డొనోస్తియా అనే ఊరుంది. మ్యాపుల్లో శాన్ సెబాస్టియన్ అని కూడా ఉంటుంది. మనవాళ్ల గ్రూపుల్ని అక్కడికి తీసుకెళ్లడం నా పని. బుకింగ్‌కి ముందు ఎక్కువగా వినపడే మాటలు ఇవి.

అపోహ: బాస్క్ పండగంటే ఎద్దుల ముందు పరుగు.
వాస్తవం: మీరు టీవీలో చూసేది శాన్ ఫెర్మిన్ పండగ. ఆ పరుగు పాంప్లోనా అనే ఊళ్లో, జూలై 7 నుంచి 14 వరకు, రోజూ పొద్దున ఎనిమిదింటికి. డొనోస్తియా నుంచి 80 కిలోమీటర్లు. అది చూడాలంటే రూమ్ అక్కడే తీసుకోండి.

అపోహ: సందడంతా వేసవిలోనే.
వాస్తవం: ఆగస్టు 15 వారంలో బాణాసంచా పోటీలు బాగుంటాయి, కాదనను. రాత్రి బాణాసంచా కాల్చడం అయ్యాక ఊరంతా ఐస్‌క్రీమ్ షాపుల ముందు క్యూ కడుతుంది. కానీ ఊరివాళ్లు ప్రాణం పెట్టే పండగ జనవరి 20న, గజగజలాడే చలిలో వస్తుంది. దాని పేరు తంబొరాదా. 19 అర్ధరాత్రి పాత ఊరి చౌక్‌లో జెండా ఎగరేస్తారు. మర్నాడు అర్ధరాత్రి దించేదాకా ఎక్కడో ఒకచోట వాయిద్యం మోగుతూనే ఉంటుంది. కొందరిది నెపోలియన్ కాలపు సైనికుల వేషం, కొందరిది తెల్ల టోపీ పెట్టుకున్న వంటవాళ్ల వేషం. డ్రమ్ములతో పాటు చెక్క పీపాలూ వాయిస్తారు. ఆ చౌక్‌లో తలెత్తి చూడండి, కిటికీల పైన నంబర్లు కనిపిస్తాయి. ఒకప్పుడు అక్కడ ఎద్దుల పోరు జరిగేది, ఆ బాల్కనీలే సీట్లు.

అపోహ: డ్రమ్ము కొనుక్కుని మనమూ ఊరేగింపులో దూరిపోవచ్చు.
వాస్తవం: కుదరదు. ప్రతి దళం వెనుక ఒక సొసైటీయో (సభ్యులు కలిసి వండుకుని తినే సంఘం) క్లబ్బో ఉంటుంది, ముందునుంచీ ప్రాక్టీసు చేస్తారు. చాలాకాలం అది మగవాళ్ల వ్యవహారమే. 1980లో క్రెసాలా సొసైటీ ఆడవాళ్లను చేర్చుకుంది. ఆ రాత్రి సొసైటీల్లో జరిగే విందుకీ సభ్యులు పిలిస్తేనే ప్రవేశం. డబ్బిస్తానన్నా లాభం లేదు, నన్ను అడగొద్దు! పిల్లలతో వచ్చేవాళ్లకి నా సలహా మధ్యాహ్నం జరిగే పిల్లల తంబొరాదా. బడుల నుంచి వేలమంది యూనిఫాముల్లో వస్తారు.

అపోహ: డిసెంబర్ 21 సాంతో తోమాస్ అంటే చర్చి పండగ.
వాస్తవం: పేరు సెయింట్‌ది, పని కౌలుది. చుట్టుపక్కల రైతులు ఊళ్లో ఉండే భూస్వాములకు ఆ రోజు కౌలు కట్టడానికి వచ్చేవారు. వచ్చినవాళ్లు పంట అమ్ముకుని, సరుకులు కొనుక్కునేవారు. అదే సంతగా నిలిచింది. ఇప్పుడు చౌక్‌లో ఒక భారీ పందిని పెడతారు, లాటరీలో ఎవరికి తగిలితే వాళ్లది. తినడానికి తాలో, అచ్చం మన మక్కరొట్టె లాంటిదే. అందులో చిస్తొర్రా అనే సన్నని పంది సాసేజ్ చుట్టి ఇస్తారు. శాకాహారులు చీజ్‌తోనో చాక్లెట్‌తోనో అడగండి, చాలా స్టాళ్లలో దొరుకుతుంది. పొద్దున పదకొండు దాటితే మాత్రం పాత ఊళ్లో కాలు పెట్టే చోటుండదు.