ఖాళీ గడిలో ఏం రాయాలి?

విశాఖపట్నం

చిరంజీవులైన పిల్లలకు, మీ డ్రాయింగు మాస్టారి ఆశీస్సులు.

పోయిన ఆదివారం మీరంతా మా ఇంటికి వచ్చినప్పుడు, మీలో చిన్నవాడు బడిలో ఇచ్చిన ఒక కాగితం నా ముందు పెట్టాడు. అందులో ‘నీ జీవిత లక్ష్యం’ అన్న మాటకు ఎదురుగా రెండంగుళాల గడి ఒకటి ఉంది. వాడు దానిలో ‘ఆర్టిస్ట్’ అని రాస్తే, టీచరుగారు చూసి ‘ఆర్టిస్టువై ఏం చేస్తావు? అది కూడా రాసుకురా’ అని తిప్పి పంపారట. మీరందరూ నవ్వారు గాని నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే ఆ ప్రశ్న అడగవలసినదే. డాక్టరు కావాలనుకున్న పిల్లవాడికి ర్యాంకు, సీటు, పట్టా అని వరసగా మెట్లు కనబడతాయి. బొమ్మలు వేసేవాడికి అటువంటి మెట్లు ఎవరూ కట్టి ఉంచలేదు. ఆ పూట నాకు సరైన జవాబు తోచలేదు కనుక ఇప్పుడు నింపాదిగా రాస్తున్నాను.

ఈ రోజుల్లో ఏ ప్రదర్శనకు వెళ్ళినా ప్రతి చిత్రం పక్కనా ఒక కాగితం అంటించి ఉంటుంది. కళాకారుడి ఆశయం ఏమిటో అందులో పెద్ద పెద్ద మాటల్లో రాసి ఉంటుంది. నా మాట విని దానిని ఆఖరున చదవండి. అంతకన్నా ముందు, ఆ మనిషి మళ్ళీ మళ్ళీ ఏ వస్తువు దగ్గరకు వెళుతున్నాడో, దాని కోసం ఎంత శ్రమ పడుతున్నాడో, సులువైన దారి ఉండి కూడా దేనిని వద్దనుకున్నాడో చూడండి. అతడి లక్ష్యం నాకు ఎప్పుడూ అక్కడే దొరికింది.

మన ఊళ్ళో స్థిరపడిన శిల్పి జి. రవీందర్ రెడ్డిగారి సంగతే తీసుకోండి. ఆయన 1956లో సూర్యాపేటలో పుట్టారు. బరోడాలోనూ, ఆ తరువాత లండన్‌లోనూ చదువుకుని వచ్చి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో శిల్పం బోధించారు. ఆయన చేసిన స్త్రీ శిరస్సుల ఫోటోలు నా ఫోనులో చూసి మీరు ‘ఇది అమ్మవారా, మాస్టారూ?’ అని అడిగారు గుర్తుందా? మనిషి ఎత్తును మించిన తల, బంగారు పూత పూసిన చర్మం, రెప్ప వేయకుండా మనవంకే చూసే తెల్లని పెద్ద కళ్ళు, ఎర్రని పెదవులు, వెనక్కి తిప్పి చూస్తే పూలు తురిమిన బరువైన కొప్పు. గ్రామదేవత ముఖంలో ఉండే ఆ చూపు అందులో ఉన్నమాట నిజమే. కాని ఆ ముక్కు, ఆ చెక్కిళ్ళు, ఆ జడముడి ఏ గుడిలోవీ కావు. పూర్ణా మార్కెట్టులో కూరగాయల తట్ట ముందు కూర్చుని బేరం తెగ్గొట్టే ఆవిడవి.

అది తయారయ్యే తీరు కూడా చెబుతాను. మొదట మట్టితో తల మలచాలి. దాని మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి అచ్చు తీయాలి. అచ్చు లోపలి గోడకు గాజునార పొరలు పరుస్తూ, ఒక్కొక్క పొరనూ రెసిన్ అనే, గట్టిపడే జిగురుతో తడుపుతూ పోవాలి. గట్టిపడ్డాక అచ్చు విప్పి, అతుకులు అరగదీసి, అప్పుడు రంగూ బంగారమూ పట్టించాలి. ఇలా గాజునారా రెసినూ కలిసి గట్టిపడినదే ఫైబర్‌గ్లాస్, కార్ఖానాలో పడవలకూ నీళ్ళ తొట్లకూ వాడే సరుకు. రాయీ కంచూ ఉండగా ఇంత మామూలు సరుకును ఎంచుకుని, దాని మీద దేవతామూర్తికి పెట్టేంత బంగారం పెట్టడంలోనే ఆయన ఉద్దేశం నాకు తెలుస్తుంది. రోజూ మన పక్కనుంచి నడిచిపోయే స్త్రీని మనం ఆగి, తలెత్తి చూడాలని ఆయన కోరిక. ఇది నేను అర్థం చేసుకున్న మాటే గాని ఆయన నాతో చెప్పినది కాదు.

అదే విశ్వవిద్యాలయంలో చిత్రలేఖనం చెప్పిన వి. రమేష్‌గారి దారి వేరు. అక్క మహాదేవి, లల్లేశ్వరి వంటి భక్త కవయిత్రుల మాటలను పట్టుకుని, ఎప్పుడో పాడిన ఆ గొంతు ఇప్పటి కాన్వాసు మీద వినబడుతుందా అని ఆయన వెతుకుతారు. మీ వయసుకు అది కొంచెం బరువు, తరువాత చూద్దురుగాని.

కర్ణాటకలో పుట్టిన షీలా గౌడగారు మొదట నూనెరంగులతో చిత్రాలు వేసేవారు. 1990ల మొదట్లో దేశంలో మతకల్లోలాలు చెలరేగినప్పుడు ఆవిడ ఆ రంగులు పక్కన పెట్టి ఆవు పేడను చేతిలోకి తీసుకున్నారు. 1998లో చేసిన ఒక పనిలో సూదులకు పొడవాటి దారాలు ఎక్కించి, ఆ దారాలను జిగురుతో కలిపిన కుంకుమతో ఎర్రని తాళ్ళుగా చేసి గదంతా వేలాడదీశారు. సూదులు ఆ తాళ్ళ చివరనే ఉండిపోయాయి. పేడా, కుంకుమా మీ అమ్మమ్మకు తెలియనివి కావు. తెలిసిన వాటితోనే మనసు చివుక్కుమనేలా చేయాలంటే ఎంత ఓపిక కావాలో ఆ సూదులను ఊహించుకుంటే మీకే తెలుస్తుంది.

ఇక లక్క బొమ్మల ఊరు ఏటికొప్పాక. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరికి నేను చాలాసార్లు వెళ్ళాను. అంకుడు కర్ర ముక్కను లేత్ అనే తిప్పుడు యంత్రం మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్క పుల్లను దానికి ఆనిస్తారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి, కర్ర ఒంటి మీద గాజులా పరుచుకుంటుంది. పొయ్యి లేదు, కుంచె లేదు. మొదటిసారి చూసినప్పుడు నేను రెండు గంటలు అక్కడే నిలబడిపోయాను. రసాయన రంగులు వచ్చి పాత రంగులను వెనక్కి నెట్టిన కాలంలో, సి.వి. రాజుగారు మళ్ళీ వేళ్ళూ, బెరళ్ళూ, విత్తనాలూ, ఆకుల దగ్గరకు వెళ్ళి రంగులు తీయడం మొదలుపెట్టారు. ఆ బొమ్మలకు 2017లో, అవి ఆ ఊరి సొంతమని తెలిపే భౌగోళిక గుర్తింపు (జి.ఐ.), ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చాయి. కొందరు దీనిని చేతిపని అంటారు, కళ అనరు; ఆ తగాదాలో నాకు ఆసక్తి లేదు. బొమ్మ ఎప్పుడైనా పసివాడి నోట్లోకి వెళ్ళేదే కనుక అందులో విషం ఉండకూడదనుకోవడం కంటే తేటగా చెప్పగల లక్ష్యం నాకు మరొకటి తట్టలేదు.

నా సంగతి కూడా దాచకుండా చెబుతాను. ఉద్యోగం చేస్తున్న రోజుల్లో ఒక దుకాణదారు కోసం డాల్ఫిన్ నోస్ కొండ, దాని పక్కన సూర్యోదయం, కింద రెండు పడవలు వేసి ఇచ్చేవాణ్ణి. ఒకసారి మబ్బు పట్టిన ఉదయం వేస్తే ‘సూర్యుడేడీ?’ అని తిప్పి పంపాడు. నేను మారుమాట లేకుండా సూర్యుణ్ణి దిద్ది ఇచ్చాను. అలా ఎన్ని సూర్యుళ్ళను వేశానో లెక్క లేదు. ఆ డబ్బుతో ఇంటికి ఫ్యాను వచ్చింది, కాబట్టి తిట్టుకోను. ఉద్యోగ విరమణ తరువాత జాలారిపేటలో ఒక పెద్దాయన వల బాగుచేస్తూ కూర్చుంటే చూశాను. చిరిగిన వల అంచును కాలి బొటనవేలికి తగిలించి బిగించి పట్టి, రెండు చేతులతోనూ ముడులు వేస్తున్నాడు. ఆ వేలు పక్కకు తిరిగిపోయి, దారం ఒరిసిన చోట గాడి పడి ఉంది. నాలుగేళ్ళుగా ఆ వేలినే వేస్తున్నాను. దానిని కొనేవారు ఎవరూ లేరు, నాకు ఇంకా కుదరనూ లేదు, కాని సూర్యుళ్ళను వేసినప్పుడు లేని ఆత్రం ఇప్పుడు తెల్లవారకుండానే నన్ను లేపుతోంది.

ఆ కాగితం సోమవారం ఇచ్చేయాలన్నావు కదా, చిన్నవాడా. ‘ఆర్టిస్ట్’ అన్న మాటను కొట్టివేయవద్దు. గడిలో పక్కన ఇంకా చోటుంది. రెండేళ్ళుగా నీ ఏ నోటుపుస్తకం తెరిచినా ఆఖరి పేజీల్లో ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర ఆగి ఉన్న సిటీబస్సుల కిటికీలే ఉంటాయి. చువ్వలూ, తుప్పూ, వాన మరకలూ అన్నీ వేస్తావు. ఆ కిటికీల్లో ఒక్క మొహమూ ఎందుకు ఉండదో నువ్వు నాకు ఇంతవరకూ చెప్పలేదు.

ఆశీస్సులతో,
మీ డ్రాయింగు మాస్టారు