పాము తినే దాకా

గడ్డకట్టిన ఎలుక పిల్లను వేడినీళ్ళలో కరిగించి, పొడవాటి పట్టకారుతో పట్టుకుని మా అబ్బాయి గాజు తొట్టిలోకి దించాడు. బెత్తెడు దూరంలో మా కొత్త కొండచిలువ పిల్ల తల ఎత్తి చూసింది. నాలుక రెండుసార్లు బయటికొచ్చి లోపలికెళ్ళింది. వాడు ఊపిరి బిగబట్టాడు. అది మెల్లగా తల వెనక్కి లాక్కుని, ఒళ్ళంతా చుట్టలు చుట్టుకుని, ఆ చుట్టల మధ్య తల దాచేసుకుంది. అరచేతిలో ఇమిడే బంతిలా అయిపోయింది. ఇలా బంతిలా ముడుచుకుంటుంది కాబట్టే ఈ జాతికి బాల్ పైథాన్ అని పేరు.

అది మూడోసారి. అమెరికాలో మేముండే డాలస్ దగ్గర జరిగిన ఒక పాముల ప్రదర్శనలో అక్టోబరు మొదట్లో కొన్నాం దాన్ని. వంటింటి డిజిటల్ త్రాసు మీద పెడితే 98 గ్రాములు తూగింది. ఇంటికొచ్చి పదిహేడు రోజులైంది, ఒక్క ముద్ద ముట్టలేదు. గుంటూరు నుంచి అమ్మ రోజూ ఫోన్లో ముందు దాన్ని గురించే అడిగేది: "ఏరా, ఇవాళైనా తిన్నదా?" మన ఇళ్ళలో ఎవరు ఎదురుపడినా నోటికొచ్చే మొదటి మాట "తిన్నావా" అనే కదా. ఇంట్లో ఒక ప్రాణి పస్తుంటే మనకు ముద్ద దిగదు. నాకూ అంతే టెన్షన్ పట్టుకుంది.

నాగుల చవితి దగ్గర పడుతోంది. "కాసిని పాలు పోసి చూడండ్రా" అంది అమ్మ. పాము పూర్తిగా మాంసాహారి. పాలు దాని ఆహారం కానే కావు, దాని ఒంటికి పడవు కూడా. బుట్టలో పాము పాలు తాగడం చూశామంటే, దానికి రోజుల తరబడి నీళ్ళివ్వకుండా ఉంచారని అర్థం. దాహంతో ఎండిపోయిన ప్రాణి ఎదురుగా ఏ ద్రవం పెట్టినా తాగుతుంది. ఈ సంగతి చెబితే అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. "అయితే నీళ్ళన్నా పెట్టారా?" అంది చివరికి. పెట్టాం. నీళ్ళ గిన్నె ఎప్పుడూ నిండుగా ఉండాల్సిందే.

ఆ రోజుల్లో చదివినవాటిలో నాకు మొదట ధైర్యం ఇచ్చింది 2007 నాటి ఒక పరిశోధన. మార్షల్ మెక్యూ అనే శాస్త్రవేత్త మూడు జాతుల పాములను సుమారు ఆరు నెలలు ఆహారం లేకుండా ఉంచి గమనించారు. వాటిలో బాల్ పైథాన్ కూడా ఉంది. కొన్ని పాములు తమ ఒంట్లో శక్తి ఖర్చును 72 శాతం దాకా తగ్గించేసుకున్నాయి. పైగా ఆ పస్తుల్లోనే పొడవు కూడా పెరిగాయి. మనం నాలుగు పూటలు తినకపోతే నీరసించిపోతాం. పాము అలా కాదు, పొయ్యి మంట తగ్గించినట్టు లోపలి మంటను తగ్గించుకుని కూర్చుంటుంది. గుడ్లు పెట్టిన ఆడ బాల్ పైథాన్ వాటిని చుట్టుకుని దాదాపు రెండు నెలలు ఏమీ తినకుండా కాపలా కాస్తుంది. మా పిల్లపాము ఒంట్లో అంత నిల్వ లేదు నిజమే, కానీ త్రాసు చూపించిన మాట కూడా వినాలి. పదిహేడు రోజుల్లో అది తగ్గింది రెండే గ్రాములు.

తినకుండా ఉండడం పాముకు అంత తేలికైతే, తినడం దానికి అంత బరువైన పని. 1990ల్లో స్టీఫెన్ సెకోర్, జేర్డ్ డైమండ్ అనే శాస్త్రవేత్తలు బర్మా కొండచిలువల మీద చేసిన పరిశోధనలు చదువుతుంటే నాకు ఆశ్చర్యం ఆగలేదు. ఆ పాము పెద్ద ఎరను మింగితే, ఒంట్లో శక్తి ఖర్చు 40 రెట్ల దాకా పెరుగుతుంది. పస్తులప్పుడు కుంచించుకుపోయిన పేగు ఒకటి రెండు రోజుల్లో రెండింతల బరువుకు చేరుతుంది. 48 గంటల్లో గుండె కండ సుమారు 40 శాతం పెరుగుతుందని 2005లో మరో బృందం చూపించింది. అంటే తిన్న ప్రతిసారీ పాము తన లోపలి యంత్రాలన్నిటినీ కొత్తగా నిలబెట్టుకోవాలి. ఆ పని జరగాలంటే ఒంటికి వేడి కావాలి. ఆ వేడి తనలో పుట్టదు, బయట నుంచే రావాలి. చలిలో మింగితే ఎర పొట్టలో అరగక కుళ్ళిపోతుంది, పాము దాన్ని కక్కేస్తుంది. నోట్లో ఎర ఉన్నప్పుడు పాము పారిపోలేదు, కాటు వేయలేదు. మింగాక కొన్ని రోజులు బరువుగా కదులుతుంది. ఇంత జూదం ఎప్పుడు ఆడుతుంది? చుట్టూ వెచ్చగా ఉండి, శత్రువు లేడని ఒంటికి నమ్మకం కుదిరినప్పుడే.

మా ఇంట్లో ఆ రెండూ లేవు.

గాజు తొట్టి గోడకు అంటించిన థర్మామీటరు స్టిక్కరు 29 డిగ్రీలు చూపిస్తుంటే సరిపోతుందనుకున్నాం. ఉపరితలం వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు తెచ్చి పాము పడుకున్న నేల మీద పెడితే 23 వచ్చింది. స్టిక్కరు చెప్పింది గాజు వేడి, పాము పొట్ట కింది వేడి కాదు. ఈ జాతికి తొట్టిలో ఒక చివర 31 నుంచి 33 డిగ్రీలు, రెండో చివర 25 నుంచి 27 ఉండాలి. అప్పుడే తనకెంత కావాలో అంత వేడిని అదే వెతుక్కుంటుంది. అడుగున వేడినిచ్చే హీట్ మ్యాట్ పెట్టి, ఆ వేడి మితిమీరకుండా అదుపు చేసే థర్మోస్టాట్ తగిలించాం. థర్మోస్టాట్ లేని మ్యాట్ పామును కాల్చేస్తుంది, అందులో పొదుపు చూడకండి.

ఇక రెండోది, భయం. బాల్ పైథాన్‌ది పశ్చిమ, మధ్య ఆఫ్రికా. ఘనా, టోగో, బెనిన్ దేశాల గడ్డి మైదానాల్లో పగలంతా ఎలుక బొరియల్లోనూ, చెదపుట్టల్లోనూ దాక్కుని, చీకటి పడ్డాక బయటికొస్తుంది. పుట్ట అంటే పాము ఉంటుందని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. అలాంటి జీవిని మేం హాల్లో టీవీ పక్కన, నాలుగువైపులా గాజు ఉన్న తొట్టిలో పెట్టాం. దాక్కోవడానికి ఒక్కటే గూడు, అదీ దానికి మూడింతలు పెద్దది. పాము వీపు గోడకు తగలాలి, పక్కలు తగలాలి, అప్పుడే అది నిమ్మళిస్తుంది. పైగా మా వాడు రోజూ స్నేహితులకు చూపించడానికి బయటికి తీస్తున్నాడు. ప్రేమతోనే తీశాడు. కానీ పాము లెక్కలో తనను ఎత్తేదల్లా తనను తినేదే.

తొట్టిని వాడి గదిలో నిశ్శబ్దంగా ఉండే మూలకు మార్చాం. మూడు పక్కలా నల్ల కాగితం అంటించాం. చిన్న మట్టి కుండీలు రెండు బోర్లించి, అంచున పాము దూరేంత నోరు తీసి, గరుకు లేకుండా అరగదీసి వేడి చివర ఒకటి, చల్ల చివర ఒకటి పెట్టాం. నీళ్ళు మార్చడానికి తప్ప పది రోజులు మూత తీయకూడదని ఒప్పందం. మా వాడికి అదే అన్నిటికన్నా కష్టమైంది.

ఆ పది రోజుల్లోనే నాకు ముందే తట్టాల్సిన ప్రశ్న తట్టింది: ఇది అంతకుముందు ఏం తినేది? అమ్మినాయనకు ఫోన్ చేస్తే, చిట్టెలుక పిల్లల్ని పెట్టేవాణ్ణన్నాడు. మేం పెడుతున్నది పెద్దజాతి ఎలుక పిల్లలు. మన కళ్ళకు రెండూ ఎలుకలే, పాము నాలుకకు కాదు. పాము నాలుక గాలిలోంచి, నేలమీంచి వాసన రేణువులను తెచ్చి నోటి పైభాగంలో వాసన పసిగట్టే జాకబ్సన్ అవయవానికి అందిస్తుంది. 1967లో గోర్డన్ బర్‌గార్ట్ అనే శాస్త్రవేత్త ఒక చక్కని ప్రయోగం ప్రకటించారు. పుట్టాక ఇంకా ఏమీ తినని గార్టర్ పాము పిల్లల ముందు, రకరకాల జీవుల ఒంటి సారంలో ముంచిన దూది పుల్లలు పెట్టారు. తమ జాతి సహజంగా తినే జీవి వాసన తగిలిన పుల్ల దగ్గర పిల్లలు నాలుకలు గబగబా ఆడించాయి, దూది అని చూడకుండా కరిచాయి కూడా. ఎర ఏదో అవి పుట్టుకతోనే కొంత తెలుసుకుని వచ్చాయన్నమాట. బాల్ పైథాన్లలో ఆ మొదటి ఎర వాసన మీద పట్టుదల మరీ ఎక్కువని వీటిని పెంచేవాళ్ళంతా అంటారు. అందుకే పామును కొనేటప్పుడే అడగండి: ఏ ఎర, బతికిందా గడ్డకట్టిందా, ఎంత సైజు, ఆఖరిసారి ఎప్పుడు తిన్నది.

వాసన ఒక్కటే చాలదు, ఎర వెచ్చగా ఉండాలి. బాల్ పైథాన్ పైపెదవి పొడవునా చిన్న చిన్న గుంటలుంటాయి. అవి వేడిని పసిగడతాయి. కటిక చీకట్లో ఎలుక ఒంటి వేడి దానికి వెలుగులా కనిపిస్తుంది. ఈ పని చేసే ప్రోటీను ఏదో 2010లో శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. పేరు ట్రిప్ ఏ1. అదే కుటుంబపు ప్రోటీను మన ఒంట్లోనూ ఉంది. ఆవపిండి ఘాటు ముక్కుకెక్కి కళ్ళ నీళ్ళు తిరుగుతాయే, ఆ కబురు మెదడుకు చేర్చేది అదే. ఆవకాయ కలిపేటప్పుడు మనల్ని ఏడిపించేదీ, ఆఫ్రికా చీకట్లో పాముకు ఎలుకను చూపించేదీ ఒకే కోవకు చెందినవని తెలిసిన రోజు నేను ఇంట్లో అందరికీ పిలిచి మరీ చెప్పాను.

ఇరవై ఎనిమిదో రోజు. రాత్రి తొమ్మిదిన్నర. చిట్టెలుక పిల్లను పొద్దుటి నుంచి ఫ్రిజ్‌లో కరగనిచ్చి, జిప్ కవరులో పెట్టి వేడినీళ్ళలో దించాం. ఒళ్ళు తడిస్తే వాసన పోతుంది, అందుకే కవరు. మైక్రోవేవ్‌లో పెడితే లోపల ఉడికి పగిలిపోతుంది, ఆ పని చేయకూడదు. థర్మామీటరు తల దగ్గర 38 చూపించాక, గదిలో లైటు ఆపేసి, వరండా వెలుగులో పట్టకారుతో కుండీ నోటి దగ్గర పెట్టాం. ఆడించలేదు, ముఖం మీదికి తోయలేదు. ఒక నిమిషం ఏమీ లేదు. తర్వాత కుండీలోంచి నాలుక. ఆగి ఆగి కాదు, వరసగా. తల ఒక వేలెడు బయటికొచ్చి అక్కడే నిలిచిపోయింది, మెడ వంపు ఇంగ్లీషు ఎస్ అక్షరంలా బిగుసుకుంది. టప్‌మని ఒక చప్పుడు. మా వాడు పట్టకారు వదిలేశాడు. చూసేసరికి ఎలుక చుట్టూ మూడు చుట్టలు. చచ్చిన ఎలుకనే అయినా ఐదు నిమిషాలు బిగించి పట్టుకుంది. తర్వాత తలవైపు వెతుక్కుని, ఒక దవడ తర్వాత ఒక దవడ జరుపుకుంటూ మింగింది.

తిన్నాక 48 గంటలు దాని జోలికి వెళ్ళకూడదు, కదిలిస్తే కక్కుతుంది. కక్కితే రెండు వారాల దాకా మళ్ళీ పెట్టకూడదు. ఎర సైజు పాము నడుము లావును మించకూడదు. బతికున్న ఎలుకను తొట్టిలో వదిలి వెళ్ళడం మాత్రం చేయకండి. ఆకలి లేని పామును ఎలుకే కొరికి పుండ్లు చేస్తుంది. బరువు పదో వంతు తగ్గినా, ఊపిరిలో గురక వచ్చినా, నోట్లో నురగ కనిపించినా అది అలక కాదు, పాములను చూసే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాల్సిన జబ్బు. బలవంతంగా నోట్లో కుక్కడం డాక్టరు చేయాల్సిన పని, అదీ చిట్టచివర.

హైదరాబాద్, విజయవాడల్లో ఇది చదివి ముచ్చటపడేవాళ్ళకు ఒక మాట. మన నేల మీది పామును పట్టి ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. విదేశీ జాతులైనా, 2022 సవరణ తర్వాత బాల్ పైథాన్ లాంటివాటిని ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి.

డిసెంబరుకి మా పాము 131 గ్రాములైంది. ఒక సాయంత్రం మా వాడు ఎలుకను వెచ్చబెట్టి తెచ్చి, పట్టకారు దించబోయి ఆగాడు. పాము కళ్ళు పాలు కలిపిన నీళ్ళలా మసకేశాయి, చర్మం రంగు తగ్గింది. ఎలుకను చెత్తబుట్టలో వేసి, తొట్టి మూత పెట్టేసి లైటు ఆపాడు. అప్పుడే అమ్మ ఫోను. వాడే తీశాడు. "తినలేదు నానమ్మా. కుబుసం విడిచే టైమ్ అది. వచ్చేవారం తింటుందిలే."