మనిషికన్నా పొడవైన ఆకు, పేరు లేని చెట్టు

1982లో బ్రెజిల్‌లోని మదీరా నది పరీవాహక అడవుల్లో మొక్కల సర్వే చేస్తున్న కార్లోస్ అల్బెర్తో సిద్ ఫెరేరా అనే వృక్షశాస్త్రజ్ఞునికి అసాధారణమైన చెట్టు ఒకటి కనిపించింది. సుమారు 15 మీటర్ల ఎత్తు పెరిగే ఆ చెట్టు ఆకులు రెండున్నర మీటర్ల పొడవు వరకు ఉంటాయి. ఇంత ప్రస్ఫుటమైన లక్షణం ఉన్న చెట్టుకు వెంటనే పేరు దొరికి ఉంటుందని మనం అనుకుంటాం. కానీ కొకొలోబా జైగాంటిఫోలియా అన్న శాస్త్రీయ నామం దానికి 2019లో గాని దక్కలేదు.

అంత ఆలస్యానికి కారణం, ఆ చెట్టు ఎదురైనప్పుడు దాని మీద పూలు గాని కాయలు గాని లేకపోవడమే. ఎండ, నీడ, వయసు, నేలసారం మారితే ఒకే చెట్టు ఆకుల పరిమాణం ఎంతో మారిపోతుంది. దీనికి ఉదాహరణ కోసం అమెజాన్ దాకా పోనక్కరలేదు. ఆదిలాబాద్ అడవుల్లో నరికిన టేకు మొదలు నుంచి లేచిన పిలకల ఆకులు, పక్కనే ఉన్న ముదురు టేకు చెట్టు ఆకులకన్నా చాలా పెద్దవిగా ఉంటాయి. ఆకుల కొలతను మాత్రమే నమ్ముకున్నవారు ఆ రెండూ వేర్వేరు జాతులని పొరబడగలరు. లేత టేకు ఆకును నలిపితే వేళ్లకు అంటే ఎర్రటి రంగు వారికి అంతకన్నా నమ్మకమైన ఆనవాలు. పూల నిర్మాణం, కాయ, గింజ పరిసరాలను బట్టి అంతగా మారవు కాబట్టే ఒక జాతిని మరో జాతి నుంచి వేరుచేయడానికి శాస్త్రజ్ఞులు ముందుగా వాటినే చూస్తారు.

అయితే ఆకులూ కణుపులూ కొంత దూరం దారి చూపగలవు. కొకొలోబా పాలిగోనేసీ కుటుంబానికి చెందినది, మనం పప్పులో వేసుకునే చుక్కకూరదీ అదే కుటుంబం. ఈ కుటుంబపు మొక్కలలో ఆకు కాడ మొదట్లో ఉండే పుచ్ఛాలు (చిన్న ఆకుల్లాంటి భాగాలు) కలిసిపోయి, కణుపు దగ్గర కాండాన్ని చుట్టుకొని పలుచని గొట్టంలా ఏర్పడతాయి. పూలు లేని కొమ్మ దొరికినా ఈ ఒక్క గుర్తును పట్టుకొని కుటుంబం వరకు చేరవచ్చు. ఆపైన జాతి తేల్చడానికి మాత్రం పూలూ కాయలూ కావలసిందే.

మనౌస్ నగరంలోని అమెజాన్ జాతీయ పరిశోధన సంస్థ 1993లో రెండు పెద్ద ఆకులను సేకరించి, వాటికి చట్రం కట్టించి, ప్రజలు చూడడానికి ప్రదర్శనలో ఉంచింది. జాతి పేరు తేలని ఆకు అలా స్థానికంగా ప్రసిద్ధికెక్కింది. 2005లో ఫెరేరా, రొజేరియో గ్రిబెల్‌తో కలిసి రొండోనియా రాష్ట్రంలోని జమారి జాతీయ అరణ్యానికి వెళ్లినప్పుడు గింజలతో పాటు వాడిపోతున్న కొన్ని పూలు దొరికాయి. కొత్త జాతిని వర్ణించడానికి ఆ పూలు చాలలేదు. దాంతో వారు గింజలను తెచ్చి సంస్థ ఆవరణలో నాటించారు. మొలకెత్తిన మొక్కలలో ఒకటి 13 ఏళ్ల తరువాత, 2018లో పూసి కాసింది. ఆ మరుసటి సంవత్సరం ఎఫ్రెమ్ మేలోతో కలిసి వారు ఆ జాతిని వర్ణించి ప్రచురించారు. ఆకు ఫొటోతోనే సంచలనం సృష్టించే అవకాశం ఉన్నా, గింజ నాటి పూత కోసం ఎదురుచూసిన ఆ ఓర్పే ఈ వృత్తాంతంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది.

భారీ మొక్కలకు మరొక ప్రత్యేకమైన చిక్కు ఉంది. హెర్బేరియంలో, అంటే ఎండిన మొక్కల నమూనాలను భద్రపరిచే చోట, నమూనాను ఎండబెట్టి అతికించే అట్ట సుమారు 42 సెంటీమీటర్ల పొడవే ఉంటుంది. చిన్న మొక్కయితే వేరుతో సహా దాని మీద ఇముడుతుంది గాని, భారీ మొక్కను ముక్కలు చేయక తప్పదు. అందుకే సేకర్తలు చాలాసార్లు అటువంటి మొక్కలను వదిలివేస్తారు. దక్షిణ అమెరికాలోని భారీ కలువలైన విక్టోరియా ప్రజాతి (దగ్గరి జాతుల సమూహం) విషయంలో ఆకుల అడుగున ఉండే ముళ్లు కూడా తోడై, మంచి నమూనాలు అరుదయ్యాయి. విక్టోరియా బొలీవియానా నమూనా ఒకటి లండన్‌లోని క్యూ ఉద్యానవనపు హెర్బేరియంలో 177 ఏళ్లు మరో జాతి పేరుతోనే ఉండిపోయింది. క్యూలోని ఉద్యాన నిపుణుడు కార్లోస్ మాగ్దలేనాకు అనుమానం వచ్చి, బొలీవియా నుంచి 2016లో అందిన గింజలను మిగతా రెండు జాతుల పక్కనే, ఒకే పరిస్థితుల్లో పెంచి చూడడంతో తేడాలు బయటపడ్డాయి. ఇక్కడ కూడా వాదనను నిలబెట్టినవి పూల భాగాలు, గింజలు, ముళ్ల అమరిక, డీఎన్ఏ పరీక్ష. ఆ జాతి ఆకు మూడు మీటర్ల వ్యాసాన్ని దాటుతుందన్నది 2022లో పత్రికలన్నీ చాటినా, అది జాతిని నిర్ణయించిన ఆధారం కాదు.

కొన్నిసార్లు చెట్టుగా కనిపించేదే చెట్టు కాకపోవచ్చు. ఇటలీ వృక్షశాస్త్రజ్ఞుడు ఒడోఆర్డో బెక్కారి 1878లో సుమత్రాలో చూసిన టైటాన్ ఆరమ్ అనే భారీ మొక్క మన కందకు దగ్గరి బంధువు. పెరట్లో కంద వేసినవారికి తెలిసినట్లే, నేల నుంచి లేచే మచ్చల కాడ, పైన గొడుగులా విచ్చుకునే భాగం అంతా కలిపి ఒకే ఆకు. టైటాన్ ఆరమ్‌లో ఆ ఒక్క ఆకే దాదాపు ఆరు మీటర్ల ఎత్తుకు చేరుతుంది. కాడలో కలప ఉండదు. కొంతకాలానికి ఆకు మొత్తం వాలిపోయి దుంప విశ్రాంతిలోకి వెళ్తుంది.

కనుక అడవిలో పెద్ద మొక్క కనిపించినవారు ఆకు పక్కన మనిషిని నిలబెట్టి ఫొటో తీయడంతో ఆగకూడదు. ఆ ఫొటో అవసరమే, కొలత తెలుస్తుంది. దానితో పాటు కణుపును, ఆకు అడుగు భాగాన్ని, ఈనెలను, బెరడును దగ్గరగా ఫొటో తీసి, పాలు గాని జిగురు గాని కారుతోందా, వాసన ఎలా ఉంది, నేల ఎటువంటిది అన్నవి అక్కడే రాసుకోవాలి. కింద రాలిన కాయలను తప్పక వెతకాలి. పూత లేకపోతే చోటును గుర్తుపెట్టుకొని మరో రుతువులో తిరిగి వెళ్లాలి.

కొకొలోబా జైగాంటిఫోలియాను వర్ణించిన శాస్త్రజ్ఞులు అదే పత్రంలో దానిని అంతరించే ప్రమాదమున్న జాతిగా వర్గీకరించాలని సూచించారు. మదీరా, తపజోస్ నదుల పరీవాహకంలో అక్కడక్కడా మాత్రమే పెరుగుతున్న ఈ చెట్టు కోసం, జాతి పేరు ఖరారయ్యేవరకు అటువంటి సూచన చేయడానికే వీలు లేకపోయింది.